అక్క మీద వేసిన ఒట్టు

ఈ మధ్య ఆదివారం పేపరు తీస్తే చాలు, మారేడుమిల్లి బొమ్మలు. పచ్చటి కొండలు, వాటి నడుముకు పొగమంచు, వాగులో కాళ్ళు పెట్టుకుని నవ్వుతున్న జంటలు. కింద ఎవరో రాస్తారు, ఇది తప్పక చూడవలసిన చోటు అని. రాసినాయన అక్కడ ఒక పూట ఉండి, టీ తాగి, ఫొటో తీసుకుని వచ్చేసి ఉంటాడు. నేను ఆ కొండలు పదిహేనేళ్ళు ఎక్కి దిగినవాణ్ణి. బడి గుమ్మం తొక్కనివాణ్ణి. కొబ్బరి బస్తాల మీద రంగుతో వేసే గుర్తులు చూసి అంకెలు, పకోడీలు కట్టిన కాగితాలు చూసి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. నీకు రాయడం రాదు అంటే ఒప్పుకుంటాను. నీకు ఆ కొండలు తెలియవు అంటే మాత్రం ఊరుకోను.

అయితే నేను రాయబోయేది కొండల గురించి కాదు. అక్కడి ఒక రాయి గురించి. దాన్ని మావాళ్ళెవరూ తీయలేదని నేను వేసిన ఒట్టు గురించి.

రాయి ఏమంత సంగతి అని మీరనుకోవచ్చు. మా కోనసీమలో రాయి పుట్టదు. నిలువు లోతు తవ్వినా ఒండ్రుమట్టి, ఇంకా తవ్వితే ఇసక, ఆ తర్వాత నీళ్ళు. కుక్కను అదిలించాలంటే మట్టిబెడ్డ వెతుక్కోవాలి. రోలు, సన్నికల్లు, బట్టలుతికే బండ, ఊరగాయ జాడీలో బరువుకు పెట్టే గుండ్రాయి, అన్నీ గోదావరి దాటి రావలసినవే. మావాళ్ళు ఏ యాత్రకు వెళ్ళినా ప్రసాదంతో పాటు సంచి అడుగున ఒక రాయి వేసుకొస్తారు. పక్కింటివాళ్ళకు ప్రసాదం పెడతారు గాని రాయి అరువివ్వరు.

తొంభైల మొదట్లో నేను కొత్తపేట దగ్గర ఒక కొబ్బరి కొట్టులో పనిచేసేవాణ్ణి. వారం వారం లారీ మీద కాయలతో రావులపాలెం, రాజమండ్రి, గోకవరం మీదుగా మారేడుమిల్లి దగ్గరి ఏజెన్సీ సంతకు వెళ్ళడం, కాయలు అమ్మి చింతపండూ అడ్డాకులూ చీపుళ్ళూ వేసుకుని రావడం నా పని. రంపచోడవరం దాటాక గాలి మారేది. ఎటు చూసినా బల్లపరుపుగా ఉండే ఊళ్ళో పుట్టినవాణ్ణి. మొదటిసారి ఘాట్ రోడ్డులో లారీ మలుపు తిరిగితే, భూమి లేచి నిలబడినట్టనిపించి కళ్ళు మూసుకున్నాను. డ్రైవరు ఏడాదిపాటు ఆ సంగతి చెప్పుకుని నవ్వాడు.

ఆ సంతలోనే నాకు పెద్దాయన పరిచయమయ్యాడు. రోడ్డు మీదినించి రెండు కొండలు అవతల ఉన్న గూడెంలో ఊరి పూజ చేసే మనిషి. పొట్టిగా, ఎండిన వేరులా ఉండేవాడు. అందరినీ నువ్వు అనేవాడు. మా వైపు ఉయ్యాల్లో పిల్లనైనా అండీ అని లేపుతాం. నాకు మొదట్లో ఒళ్ళు మండింది.

"ఈ కాయలో నీళ్ళున్నాయా?" అన్నాడు ఆ మొదటి రోజు.

"ఆయ్, ఉన్నాయండి."

"తాగి చూశావా?"

"కొట్టకుండా ఎలా తాగుతానండి?"

"మరి ఉన్నాయని ఎలా చెప్తున్నావు?"

కాయ తీసి ఆయన చెవి దగ్గర ఆడించాను. లోపల నీళ్ళు గలగలమన్నాయి. ఆయన తల ఊపాడు. "ఇది చెప్పింది, ఉన్నాయని. నువ్వు కాదు."

మూడేళ్ళు ప్రతి కాయా ఆడించి చూపించాను. నాలుగో ఏడు ఒక రోజు చెవి దగ్గరకు కాయ పట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆడించక్కర్లేదు. నువ్వు చెప్పు, చాలు" అన్నాడు. నాకు చదువు లేదు, పొలం లేదు, పెళ్ళి కూడా చేసుకోలేదు. ఆ ఒక్క మాటే నా ఆస్తి అనుకున్నాను. ఇంటికొచ్చి అక్కకు చెప్పుకున్నాను కూడా.

అక్క నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద. చిన్నతనంలోనే బావగారు పోతే మా ఇంటికి వచ్చేసి, అమ్మ పోయాక నన్ను పెంచింది. పక్కింటి కోడి మా పెరట్లో గుడ్డు పెడితే ఆ గుడ్డు పట్టుకెళ్ళి ఇచ్చి వచ్చే మనిషి. పుట్టి బుద్ధెరిగాక అక్క నోట అబద్ధం నేను వినలేదు.

పెద్ద తుఫాను వచ్చి మా చెట్లూ ఇళ్ళూ నేలకూలినప్పుడు, నెల రోజులు నేను సంతకు పోలేదు. ఆ నెలాఖరున ఒక లారీ మా వీధిలో ఆగింది. దాని నిండా వెదుళ్ళు. మోపు మోపుకూ అడవి తీగ కట్టు. డ్రైవరు అన్నాడు, "కొండ మీద ఆ పెద్దాయన ఎక్కించేడండి. కొబ్బరాయన ఇల్లు పడిపోయుంటది, పట్టుకెళ్ళమన్నాడు." మా పైకప్పు ఆ వెదుళ్ళతోనే మళ్ళీ లేచింది.

ఆ తర్వాత నేను కొండెక్కినప్పుడు ఆయన నన్ను గూడేనికి తీసుకువెళ్ళాడు. జలపాతం చూపించాడు. దాని పైన వాగు ఒడ్డున మద్దిచెట్టు కింద తొమ్మిది రాళ్ళు చూపించాడు. వాగులో అరిగి నున్నబడిన గుండ్రాళ్ళు, పసుపు రాసి వరసగా పెట్టి ఉన్నాయి. ఇంటికొక రాయి. ఇది ఏ పుస్తకంలోనూ చదివింది కాదు, అందరు కొండవాళ్ళ ఆచారమనీ అనను, ఆ ఒక్క గూడెం సంగతి. ఎవరైనా ఊరు విడిచి వేరే చోట ఇల్లు కట్టుకోదలిస్తే తన రాయి తీసుకుని వెళ్ళిపోతాడు. రాయి తీశాడంటే ఊరితో తెంచుకున్నాడన్నమాట.

"ఇది నాది" అని చూపించాడు. "ఆ చివరిది మా తమ్ముడిది." తమ్ముడి రాయి నల్లగా ఉంది, చుట్టూ దారం కట్టినట్టు తెల్లటి చార. అన్నదమ్ములకు కొండపోడు చేను దగ్గర పడటం లేదని అప్పుడే చెప్పాడు. "కాని వాడి రాయి ఇక్కడే ఉంది. అది ఉన్నంతకాలం వాడు నా తమ్ముడే."

తుఫాను వెళ్ళిన రెండో కార్తీకంలో మా వీధివాళ్ళు వనభోజనాలకు కొండల్లోకి తీసుకెళ్ళమని నన్ను పట్టుకున్నారు. సగంమంది కొండ అనేది కాలెండరులో తప్ప చూడలేదు. నేను ఉబ్బిపోయాను. ముందు వారం సంతలో పెద్దాయనను అడిగాను.

"ఏం చేస్తారు?" అన్నాడు.

"జలపాతం చూస్తారు, వండుకు తింటారు, వెళ్ళిపోతారండి. దేన్నీ ముట్టుకోరు. నాదీ పూచీ."

"నీ పూచీ అయితే రానియ్యి."

వ్యాను నిండా ఎక్కారు. ఘాట్ రోడ్డులో ఇద్దరు వాంతులు చేసుకున్నారు, మిగిలినవాళ్ళు వాళ్ళను ఏడిపించారు. జలపాతం దగ్గర మా వీధి కిరాణా కొట్టాయన నోరు తెరుచుకుని చాలాసేపు నిలబడి, "ఇన్ని నీళ్ళు ఎవరూ వాడుకోకుండా పోతన్నాయి కదండీ" అని బాధపడ్డాడు. పెద్దాయన మమ్మల్ని చూడడానికి వచ్చాడు. అక్క ఆయన కోసమని ఆత్రేయపురం పూతరేకులు తెచ్చింది. ఒకటి నోట్లో పెట్టుకుని, "కాయితం తినిపిస్తున్నావా?" అన్నాడు.

"కాయితం కాదండి, బియ్యమేనండి" అంది అక్క.

"బియ్యాన్ని ఇంత పల్చగా చేశారంటే మీ ఊళ్ళో ఎవరికీ పని లేదన్నమాట."

అక్క పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మావాళ్ళలో ఒకాయన ముందుకొచ్చి, "మీవాళ్ళ చేత ఓ డాన్సు వేయించండి, పిల్లలు చూస్తారు" అన్నాడు. పెద్దాయన అతన్ని పైనుంచి కిందికి చూశాడు. "పండగొస్తే ఆడతాం. వ్యానొస్తే ఆడం."

భోజనాలయ్యాక నేను మగవాళ్ళందరినీ మద్దిచెట్టు దగ్గరకు పిలిచి, ఇవి ఊరి రాళ్ళు, దూరం నించి దణ్ణం పెట్టుకోండి, చెయ్యి వెయ్యకండి అని గట్టిగా చెప్పాను. అందరూ బుద్ధిగా దణ్ణాలు పెట్టారు. ఆడవాళ్ళు కింద వాగులో గిన్నెలు తోముకుంటున్నారు. పొద్దు వాలకముందే బయల్దేరాం. ఏ చిన్న తప్పూ జరగకుండా తీసుకొచ్చానని దారి పొడుగునా పొంగిపోతూనే ఉన్నాను.

మరుసటి సంతకు పెద్దాయన ఎప్పుడూ తెచ్చుకునే బుట్ట లేకుండా వచ్చాడు. వెనక తమ్ముడు.

"తెల్లచార రాయి లేదు" అన్నాడు. "మీవాళ్ళెవరైనా తీశారా?"

నాకు చెంప మీద కొట్టినట్టయింది. "మావాళ్ళు అలాంటోళ్ళు కాదండి. నేను అందరికీ చెప్పేను. ఎవరూ ముట్టుకోలేదు."

"ఎలా చెప్తున్నావు?"

మొదటి రోజు అడిగిన ప్రశ్నే అది. ఈసారి చెవి దగ్గర ఆడించి చూపించడానికి నా చేతిలో ఏమీ లేదు. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ నన్ను రుజువు అడుగుతాడా అని కోపం వచ్చింది. ఇంటికి వెళ్ళి కనుక్కుని చెబుతానండి అని ఒక్క ముక్క అని ఉంటే సరిపోయేది. అనలేదు.

"మా అక్క మీద ఒట్టండి. మావాళ్ళు ఆ రాయి తీసుంటే మా అక్క నాకు దక్కదు" అన్నాను.

తమ్ముడు నా వంక చూశాడు, తర్వాత అన్న వంక చూశాడు. పెద్దాయన నేల చూస్తూ, "సరే" అన్నాడు. ఇద్దరూ వెళ్ళిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం అన్నం దగ్గర అక్కకు అంతా చెప్పాను. నన్ను అనుమానించినందుకు కొండవాళ్ళను నాలుగు మాటలన్నాను కూడా. "నీ మీద ఒట్టేసి చెప్పేను" అన్నాను. వడ్డిస్తున్న గరిటె ఆగింది.

"నా మీదెందుకు వేసేవురా?"

"ఇంకెవరి మీద వేస్తాను?"

అక్క నా కంచంలో పప్పు వేసింది. "తిను, చల్లారిపోతది" అంది.

రెండు నెలలకు గాని ఆ తర్వాత ఏం జరిగిందో తెలియలేదు. సంతలో పెద్దాయన, వాన పడలేదన్నంత మామూలుగా చెప్పాడు, తమ్ముణ్ణి ఊళ్ళోంచి పొమ్మన్నానని. పెళ్ళాం బిడ్డలతో చింతూరు అవతలికి పోయాడట. "తన రాయి తనే తీసి దాచాడు. పోవాలనుకున్నవాడు చెప్పి పోవచ్చు కదా, తీయలేదని అబద్ధమెందుకు? నువ్వు ఒట్టేశావు. మరి ఇంకెవరు తీస్తారు?" అన్నాడు. ఆగి, "మీ అక్క బాగుందా?" అని అడిగాడు.

"ఆయ్, బావుందండి."

"అయితే సరే."

సిగ్గు విడిచి రాస్తున్నాను. ఆ రోజు నాకు లోలోపల గర్వమే కలిగింది. తోడబుట్టినవాడి మాట కన్నా నా మాట బరువుగా తూగింది కదా అని.

అప్పటినుంచి ఏ సంతలో కనిపించినా మొదటి మాట అదే, "మీ అక్క బాగుందా?" పూతరేకుల రుచి మరిచిపోలేదనుకుని నేను నవ్వేవాణ్ణి. మోకాళ్ళ నొప్పులతో నేను లారీ ఎక్కడం తగ్గించాక కూడా, కొట్టు మనుషుల చేత అడిగించి పంపేవాడు. నేనూ బాగుందనే కబురు పంపేవాణ్ణి. అక్క నిజంగానే బాగుండేది. డెబ్బై దాటినా నూతిలో నీళ్ళు తోడేది. ఏటా నేను తెచ్చిన చింతకాయలతో తొక్కు పెట్టేది. ఆ తొక్కు రంగు మారకుండా ఏడాది పొడుగునా ఉండేది. నేను రోజూ రెండు పూటలా దాంతోనే తినేవాణ్ణి.

అలా ఏడేళ్ళు గడిచాయి. ఆ వేసవిలో అక్క నూతి దగ్గర జారి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. అమలాపురం ఆసుపత్రిలో పడుకోబెట్టి కాలికి బరువు కట్టారు. నాలుగో రోజు నోరు చప్పగా ఉంది, కొంచెం తొక్కు పట్రా అంది. "వంటింట్లో చిన్న గిన్నెలో తీసిపెట్టింది ఉంది. అది తే. పెద్ద జాడీ ముట్టుకోకు."

మా ఇళ్ళలో మగవాడు ఊరగాయ జాడీలో చెయ్యి పెట్టడు. తల స్నానం చేసి ఆడవాళ్ళే తీయాలి, లేకపోతే బూజు పడుతుందంటారు. అందుకని నాకు ఆ మాటలో వింతేమీ కనిపించలేదు. తీరా ఇంటికొస్తే చిన్న గిన్నెలో తొక్కు బూజు పట్టింది. పాపం, ఆశపడి అడిగింది కదా అని నూతి దగ్గర తలారా స్నానం చేసి, తడి తుడుచుకుని, పెద్ద జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పాను. చెయ్యి లోపల పెట్టగానే గుండ్రాయి తగిలింది. పక్కకు తీసి పెడదామని ఎత్తాను. తొక్కు జారిపోయి కిటికీ వెలుగులో రాయి కనిపించింది. నల్లగా ఉంది. చుట్టూ దారం కట్టినట్టు తెల్లటి చార.

అరచేయి ఉప్పుకు మంట పుట్టాక లేచి, రాయి కడిగాను. సంచిలో వేసుకుని అమలాపురం బస్సెక్కాను.

మంచం పక్కన స్టూలు మీద రాయి పెట్టాను. అక్క దాన్ని చూసి, మొహం గోడకు తిప్పుకోబోయింది. కాలికి బరువు కట్టి ఉంది, ఎటూ తిరగలేకపోయింది.

"పెద్ద జాడీ ముట్టుకోవద్దన్నాను కదరా" అంది.

"ఎందుకు తీసేవు?"

"నేను దొంగతనం చెయ్యలేదు. గిన్నెలు తోమేక, తాగడానికి తేట నీళ్ళ కోసం పైకెళ్తే ఒడ్డున వరసగా కనపడ్డాయి. కడిగి, పసుపు రాసి పెట్టేరు. మనం తొక్కు పెట్టే ముందు జాడీ రాళ్ళు అలాగే కదా ఆరబెడతాం. వాళ్ళవీ జాడీ రాళ్ళే అనుకున్నాను. వాగు నిండా రాళ్ళే, ఒకటి పోతే ఇంకోటి తెచ్చుకుంటారనుకున్నాను. మాకెవరు చెప్పేరు, ముట్టుకోవద్దని? మగాళ్ళని పిలిచి చెప్పుకున్నావు."

"పోనీ, నేను ఇంటికొచ్చి చెప్పేక? అప్పుడు తెలిసింది కదా."

"అప్పటికి నా మీద ఒట్టేసొచ్చేవు. నేను తీసేనని చెప్తే నీ ఒట్టు అబద్ధమైపోతది. అబద్ధమైతే పోయేది నేను. నన్నడిగి వేసేవా ఆ ఒట్టు?" పక్క మంచం ఆవిడ వింటోందని గొంతు తగ్గించింది. "ఏడాది పాటు పొద్దున్న లేస్తే బతికే ఉన్నానా అని చూసుకునేదాన్నిరా. తర్వాత మర్చిపోయేను."

"అక్కడ ఒక మనిషిని ఊళ్ళోంచి తోలేశారు. అది కూడా నీకు చెప్పేను."

"చెప్పేవు" అంది.

పరాయివాడు మోసం చేస్తే బజార్లో నిలబెట్టి తిట్టవచ్చు. నా కంచంలో అన్నం పెట్టిన చెయ్యి అది. ఏడేళ్ళు ఆ రాయి కింద ఊరిన తొక్కు వేసి, ఇంకొంచెం వెయ్యనా అని అడిగిన గొంతు అది. భయపడింది, నిజమే. భయపడే హక్కు ఆమెకుంది. కాని నా మాట ఒకటే నా ఆస్తి అని ఈ భూమ్మీద తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. తెలిసీ, దాన్ని జాడీలో పెట్టి మూత కట్టింది. ఇప్పటికీ నాకు కోపం తగ్గలేదు. తగ్గిందని రాస్తే అబద్ధమవుతుంది.

అక్క కాలు అతుక్కుని, కర్ర పట్టుకుని నాలుగడుగులు వేశాక, నేను బస్సుల మీద మారేడుమిల్లి వెళ్ళాను. రోడ్డు పక్కన బొంగులో చికెన్ పొగలు, కార్ల వరస, జలపాతం దారిలో ప్లాస్టిక్ గ్లాసులు. కర్ర ఊతంతో రెండు కొండలు ఎక్కాను. పెద్దాయన ఇంటి ముందు అరుగు మీద కూర్చుని వెదురు చీలుస్తున్నాడు. బాగా ముసలివాడైపోయాడు. నన్ను పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది.

నేను సంచిలోంచి రాయి తీసి ఆయన ముందు పెట్టాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఏదీ దాచలేదు, ఆడవాళ్ళకు చెప్పడం మరిచిన సంగతి కూడా. ఆయన కత్తి కింద పెట్టి రాయి చేతిలోకి తీసుకున్నాడు. చార వెంట బొటనవేలు తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"చింతకాయ" అన్నాడు.

"ఆయ్."

తమ్ముడెక్కడున్నాడని అడిగాను. నేను వెళ్ళి కాళ్ళ మీద పడతానన్నాను. చింతూరు అవతలినుంచి ఇంకా లోపలికి, ఒడిశా వైపు పోయాడని విన్నాడట. బతికున్నాడో లేడో తెలియదన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండునని అక్కడ కూర్చున్నంతసేపూ ఎదురుచూశాను.

రాయి ఒళ్ళో పెట్టుకుని, "మీ అక్క బాగుందా?" అన్నాడు.

"కాలు విరిగిందండి. అతుక్కుంది. బావుంది."

"బాగుంది" అన్నాడు తనలో తాను. "ప్రతి వారం అడిగాను. ప్రతి వారం బాగుందన్నావు. ఆవిడ బాగుందంటే నీ ఒట్టు నిజం. నీ ఒట్టు నిజమైతే మా వాడు అబద్ధం. అలాగే కదా లెక్క?"

ఏడేళ్ళు ఆయన అడిగింది కుశలం కాదని అప్పుడు తెలిసింది. నేను కాయ ఆడించి చూపించినట్టు, ఆయన వారం వారం ఆ ఒట్టును చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూసుకున్నాడు. నేనే ప్రతిసారీ గలగలమన్నాను.

రాయి పట్టుకుని లేచాడు. మద్దిచెట్టు వైపు వెళ్తాడనుకున్నాను. వెళ్ళలేదు. పక్కనే కూలిపోయిన గోడలు, మొలిచిన పిచ్చి మొక్కలు, తమ్ముడి ఇల్లు. దాని గుమ్మం ఉండే చోట వంగి, రాయి అక్కడ పెట్టి వచ్చాడు. మళ్ళీ కత్తి తీసుకుని వెదురు చీల్చడం మొదలుపెట్టాడు. నేను వస్తానండి అన్నాను. తల ఎత్తలేదు.

ఇంటికొచ్చేసరికి అక్క వీధి అరుగు మీద కర్ర పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. పెద్ద జాడీ కడిగించి పెరట్లో బోర్లించింది.

"ఏమన్నాడురా?" అంది.

"నువ్వు బాగున్నావా అని అడిగేడు" అన్నాను.